లుకేమియా పాజిటివ్ పిల్లిని ఇంకో పిల్లి ఉన్న ఇంటికి ఇవ్వొచ్చా?

ఫ్రిస్కో వాలంటీర్

డాలస్ దగ్గర ఒక చిన్న షెల్టర్‌లో శనివారాలు పనిచేస్తాను. పేరు చెప్పను. వెనకాల పాత స్టోర్ రూమ్ ఒకటి ఉంది. లుకేమియా వైరస్ పాజిటివ్ వచ్చిన పిల్లుల్ని అందులోనే ఉంచుతాం. ఇప్పుడు ఏడు ఉన్నాయి. వాటిల్లో ఒకటి ఐదు నెలల నల్ల కూన, ముక్కు మీద బియ్యపు గింజంత తెల్ల మచ్చ. తలుపు తీయగానే నా షూ లేసు పట్టుకుంటుంది, ఇక వదలదు.

పోయిన వారం ఒక కుటుంబం వచ్చింది, మన తెలుగువాళ్ళే. ఇంట్లో ఆరేళ్ళ పిల్లి ఉంది, ఆరోగ్యంగా ఉంది. పిల్లలు ఈ నల్లదాని ముందు కూర్చుని లేవలేదు. జబ్బు సంగతి దాచకుండా చెప్పాం. "మా పిల్లికి టీకా వేయిస్తాం, ఇస్తారా?" అని అడిగారు. మాలో సగం మంది ఇద్దామంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. శనివారం లోపు తేల్చమంది మా మేనేజర్.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం ఈ వైరస్‌ని కనిపెట్టింది. ఒకే ఇంట్లో పిల్లులకి వరసగా క్యాన్సర్ గడ్డలు రావడంతో వాళ్ళకి అనుమానం మొదలైంది. ఇది మనుషులకీ కుక్కలకీ అంటదు. పిల్లి నుంచి పిల్లికి ముఖ్యంగా ఎంగిలి ద్వారా పోతుంది: ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కొరుక్కోవడం. తల్లి నుంచి కూనలకీ వస్తుంది. ఒంటి బయట మాత్రం ఎక్కువసేపు బతకదు, ఆరిపోతే కొన్ని గంటల్లో చచ్చిపోతుంది, మామూలు సబ్బుకే పోతుంది.

నా మాట: ఈ పిల్లులకి ఇల్లు దొరకాలి. కానీ వేరే పిల్లి లేని ఇల్లు. మీరేమంటారు?

మూడు రంగుల పిల్లి

ఇచ్చేయండి అక్కా. వేరే పిల్లి లేని ఇల్లే కావాలని కూర్చుంటే ఆ కూన స్టోర్ రూమ్‌లోనే ముసలిదవుతుంది. అసలు ముసలిదయ్యేదాకా బతుకుతుందా? పెద్ద పిల్లులకి ఈ వైరస్ అంత తేలిగ్గా పట్టదని మా డాక్టరే చెప్పారు. ఆరేళ్ళ పిల్లికి టీకా కూడా వేస్తే ఇంకేం భయం? జబ్బుందని తెలిసీ అడిగే కుటుంబం రోజూ రాదు.

ఒక్క పిల్లి ఇల్లు

నా పేరు ఎందుకు ఇలా పెట్టుకున్నానో చెప్తాను. నాలుగేళ్ళ క్రితం నా ఇంట్లో రెండు పిల్లులు ఉండేవి. రెండోదాన్ని ఒక చోట నుంచి తెచ్చుకున్నాను. "టెస్ట్ చేశాం, అంతా బాగుంది" అని వాళ్ళన్నారు. తొమ్మిది నెలల తరవాత అది తిండి మానేసింది. క్లినిక్‌లో రక్తం తీస్తే పాజిటివ్. తెచ్చిన చోటికి ఫోన్ చేస్తే, ఆ ఈతలో ఒక్క కూనకే టెస్ట్ చేశామని, మిగతావి కూడా అలాగే ఉంటాయనుకున్నామని చావు కబురు చల్లగా చెప్పారు. అప్పుడు మా పెద్దదానికి టీకా వేయించాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. అప్పటికే దానికీ అంటుకుంది.

మొదట చిన్నది పోయింది. పెద్దది ఇంకో ఏడాదిన్నర ఉంది. ఒకరోజు దాని పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్ళు గులాబీ రంగులో లేవు, సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. ఆ తెలుపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది. రక్తం ఎక్కించాం, రెండు వారాలు లేచి తిరిగింది. తరవాత లేదు.

ఆ కుటుంబం మంచిదే, కాదనను. కానీ ఆ ఆరేళ్ళ పిల్లిని ఎవరైనా అడిగారా? టీకా నూటికి నూరు కాపాడదు. ఇవ్వొద్దు.

మూడు రంగుల పిల్లి

అయ్యో, క్షమించండి అండీ. మీ విషయం తెలియక తేలిగ్గా అనేశాను. కానీ మీకు జరిగింది టెస్ట్ లేకుండా ఇచ్చినందుకు కదా. ఇక్కడ తెలిసి ఇస్తున్నారు. పైన ఒక గది దీనికి, కింద ఇల్లంతా దానికి. అలా పెంచేవాళ్ళు లేరా?

ఒక్క పిల్లి ఇల్లు

ఉన్నారు. చిన్న పిల్లలున్న ఇంట్లో ఒక తలుపు పదేళ్ళు మూసి ఉంచడం ఎంత కష్టమో కూడా ఆలోచించండి.

వెట్, తిరుపతి టు హ్యూస్టన్

తిరుపతిలో చదువుకుని ఇక్కడ ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇద్దరూ సగం సగం నిజం చెప్పారు. అంతకన్నా ముందు నన్ను భయపెట్టిన విషయం వేరే ఉంది. ఫ్రిస్కో గారూ, ఆ నల్ల కూనకి ఎన్ని టెస్టులు చేశారు?

షెల్టర్‌లో చేరగానే చేసే చిన్న కిట్ టెస్ట్ వైరస్ ప్రొటీన్ని వెతుకుతుంది. టీకా వేసినందుకు అది పాజిటివ్ రాదు, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్లా రాదు. అంతవరకు మంచిదే. కానీ ఏ లక్షణమూ లేని పిల్లుల్లో ఈ జబ్బు తక్కువ. అమెరికాలో పరీక్షించిన పిల్లుల్లో సుమారు మూడు శాతమే పాజిటివ్ వస్తాయి. ఇంత అరుదైన జబ్బుకి ఒక్క కిట్ మీద తీర్పు చెప్తే, తప్పుడు పాజిటివ్‌లకీ చోటుంటుంది. ఇంకొకటి, వైరస్ ఒంట్లోకి వెళ్ళిన ప్రతి పిల్లికీ జబ్బు ముదరదు. కొన్ని పూర్తిగా వదిలించుకుంటాయి. కొన్నిటిలో వైరస్ జన్యువు కణాల్లో దాక్కుని ఉంటుంది, ఆ పిల్లులు మామూలుగా ఇతర పిల్లులకి అంటించవు. మూడో రకంలో రక్తంలోనే నిలిచిపోతుంది. ప్రమాదం ఎక్కువ వాటికే, మూడేళ్ళ లోపే చాలావరకు చనిపోతాయి. అందుకే రక్తం ల్యాబ్‌కి పంపి, వైరస్ జన్యువుని వెతికే పీసీఆర్ టెస్ట్ చేయించాలి, కనీసం 30 రోజులాగి మళ్ళీ చూడాలి. 2020లో అమెరికా పిల్లుల వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, పాజిటివ్ వచ్చిందన్న ఒక్క కారణంతో ప్రాణం తీయొద్దనే చెప్తాయి.

ఇక మీ గది. ఏడు పాజిటివ్‌లనీ కలిపి పెట్టారు. వాటిల్లో ఒకటి నిజానికి పాజిటివ్ కాకపోతే? లేదా వైరస్‌ని అణచిపెట్టే దశలో ఉన్న కూన అయితే? రోజూ ముదిరిన పిల్లులతో ఒకే గిన్నెలో తింటోంది. నిర్ధారణ అయ్యేదాకా ఒక్కొక్కటీ విడిగా ఉండాలి. ఏ ఇంటికి ఇవ్వాలనేది ఆ తరవాతి మాట.

ఫ్రిస్కో వాలంటీర్

డాక్టర్ గారూ, ఒక్కటే టెస్ట్. చేరిన రోజు చేశారు, మూడు వారాలయింది. అదే రోజు ఆ గదిలో పెట్టాం. నేనే ఎత్తుకెళ్ళి పెట్టాను. చదివినప్పటి నుంచి చేతులు ఆడటం లేదు.

బోడుప్పల్ నుంచి

నేను హైదరాబాద్‌లో మా వీధిలో 20 పిల్లులకి అన్నం పెడతాను. కోపం తెచ్చుకోకండి, మనసులో మాట చెప్తున్నాను. ఇక్కడ మామూలుగా వేసే మూడు జబ్బుల టీకాలో లుకేమియా లేదు. టెస్ట్ అడిగితే ఖర్చు విని వెనక్కి వచ్చాను. మీరు ఒక్క కూన కోసం రెండు మూడు టెస్టులు, విడి గది అంటున్నారు. ఆ డబ్బుతో ఎన్ని ఆడపిల్లులకి ఆపరేషన్ అవుతుంది? పుట్టకముందే ఆపగలిగినవి కదా అవి. మూడేళ్ళు బతికే పిల్లికి ఇంత పెట్టడం న్యాయమేనా?

రాత్రి డ్యూటీ నర్స్

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆపరేషన్లకీ దీనికీ పోటీ పెట్టొద్దు. మగపిల్లులకి ఆపరేషన్ అయితే తిరుగుళ్ళూ కొట్లాటలూ తగ్గుతాయి, కాట్లు తగ్గుతాయి, ఈ వైరస్ కూడా తగ్గుతుంది. రెండూ ఒకే పనిలో భాగం. ఇక మూడేళ్ళ మాటకొస్తే, నేను మనుషుల క్యాన్సర్ వార్డులో చేస్తాను. మూడేళ్ళు చిన్న సంగతి కాదు.

టెక్సస్‌లోనే ఆస్టిన్ పెట్స్ అలైవ్ అనే షెల్టర్ వాళ్ళు ఏళ్ళ తరబడి ఇలాంటి పిల్లుల్నే ఇళ్ళకి ఇస్తున్నారు. వాళ్ళ దగ్గరి 801 పిల్లుల సంగతి పరిశోధన పత్రంగా కూడా వచ్చింది. జబ్బు చెప్పి అడిగితే తీసుకునేవాళ్ళు దొరుకుతారని అక్కడే తేలింది.

వెట్, తిరుపతి టు హ్యూస్టన్

ఆస్టిన్ పిల్లుల మీదే 2021లో ఇంకో అధ్యయనం వచ్చింది. రక్తంలో వైరస్ ఎక్కువున్నవాటిలో సగం ఏడాదిన్నర లోపే పోయాయి. తక్కువున్నవాటిలో 90 శాతానికి పైగా నాలుగేళ్ళ తరవాతా బతికే ఉన్నాయి. అందుకే "పాజిటివ్" అన్న ఒక్క మాట పట్టుకుని మూడేళ్ళని లెక్కేయొద్దు. ఎంత ఉందో చూడాలి.

పెంచేవాళ్ళకి రెండు జాగ్రత్తలు: పచ్చి మాంసం పెట్టొద్దు, ఆరు నెలలకోసారి డాక్టర్‌కి చూపించాలి. ఇంట్లో వేరే పిల్లి ఉంటే నా సలహా కూడా వద్దనే. విడి గది, టీకా ఉన్నా అది రెండో దారి మాత్రమే.

ఫ్రిస్కో వాలంటీర్

ఐదు వారాల తరవాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

డాక్టర్ గారి పోస్ట్ చదివిన రాత్రే మేనేజర్‌కి ఫోన్ చేశాను. పొద్దున్నే నల్లదాన్ని మా గెస్ట్ బాత్‌రూమ్‌లోకి తెచ్చుకున్నాను. మా ఇంట్లో పిల్లుల్లేవు. మిగతావాటిని పంజరాల్లోకి విడదీశాం. ఇరుకే, కానీ గిన్నెలు వేరు. ఏడింటికీ రక్తం పంపించాం. కొంత డబ్బు షెల్టర్ ఇచ్చింది, కొంత మేం వేసుకున్నాం.

నల్లదానికి పీసీఆర్ పాజిటివ్. 30 రోజుల తరవాత చేసిన కిట్ కూడా పాజిటివే, వైరస్ ఎక్కువగానే ఉంది. మొదటి రోజే అంత ఉందో, ఆ గదిలో పెరిగిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ కుటుంబానికి నేనే ఫోన్ చేసి చెప్పాను, ఇవ్వలేమని. వాళ్ళ అమ్మాయి ఫోన్ తీసుకుని, "మా పిల్లికి జబ్బు రాకూడదనే కదా ఆంటీ?" అంది. అవునన్నాను. ఆదివారాలు వచ్చి బాత్‌రూమ్‌లో కూర్చుని దానితో ఆడుకుని, చేతులు కడుక్కుని, ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుంటున్నారు.

మిగతా ఆరింటిలో ఐదు పాజిటివే. ఆరోది నారింజ రంగు మగపిల్లి. 14 నెలలుగా ఆ గదిలో ఉంది. దానికి కిట్ రెండుసార్లూ నెగటివ్, పీసీఆర్ కూడా నెగటివ్. 14 నెలలు ఎవరూ మళ్ళీ అడగలేదు, నాతో సహా.

డాక్టర్ గారూ, దీనికి ఇంకోసారి టెస్ట్ ఎప్పుడు చేయించాలి? అప్పటిదాకా ఎక్కడ ఉంచాలి?

వెట్, తిరుపతి టు హ్యూస్టన్

గది నుంచి విడదీసిన రోజు నుంచి లెక్కపెట్టి, రెండు నెలలు నిండాక ఒకసారి చేయించండి. అప్పటిదాకా పిల్లుల్లేని ఇంట్లో ఉంచండి. నెగటివ్ వస్తే మామూలు పిల్లిలాగే ఇవ్వొచ్చు.

ఒక్క పిల్లి ఇల్లు

మా ఇంట్లో ఇప్పుడు పిల్లి లేదు. నేను మీ పక్కనే, ప్లేనోలో ఉంటాను. నారింజదాన్ని ఆ టెస్ట్ అయ్యేదాకా నా దగ్గర ఉంచుతాను. శనివారం ఎన్నింటికి రమ్మంటారు?