కోర్టు సాక్ష్యానికి వెళ్తే సీఎల్ (క్యాజువల్ లీవ్) పోతుందా, స్పెషల్ సీఎల్ ఇస్తారా?

గణితం_ఎస్ఏ అడిగారు:

అందరికీ నమస్కారం. మా హైస్కూల్‌కు ఒకే వారంలో రెండు సమన్లు వచ్చాయి. ఒకటి నాకు. రోడ్డు ప్రమాదం కేసులో ప్రత్యక్ష సాక్షిగా పక్క జిల్లా మేజిస్ట్రేట్ కోర్టుకు రమ్మన్నారు, ఛార్జిషీటులో నేను ఎల్‌డబ్ల్యూ 4 (సాక్షుల జాబితాలో నాలుగో పేరు). రెండోది మా హెచ్‌ఎం గారికి. పోక్సో కేసులో అమ్మాయి పుట్టినతేదీ రుజువు చేయడానికి అడ్మిషన్ రిజిస్టర్ తీసుకుని రమ్మన్నారు. ఇద్దరూ సీఎల్ పెట్టుకోవాలని ఒకరు, ఇద్దరికీ ఓడీ (ఆన్ డ్యూటీ) అని ఇంకొకరు చెబుతున్నారు. ఏది సరి? వెళ్లిన రోజు సాక్ష్యం తీసుకోకుండా వాయిదా వేస్తే ఆ రోజు సంగతేంటి? కోర్టువాళ్లు బత్తా ఇస్తే తీసుకోవచ్చా?

సర్వీస్_రూల్స్_సూపరింటెండెంట్:

ఇద్దరూ చెప్పింది తప్పే సార్. మీకు వర్తించే నిబంధన వేరు, మీ హెచ్‌ఎం గారికి వేరు.

మీరు ప్రమాదాన్ని చూసింది రోడ్డు మీద, ఒక మామూలు పౌరుడిగా. ఉద్యోగానికి దానితో సంబంధం లేదు కాబట్టి ఓడీ రాదు. అలాగని సీఎల్ పోగొట్టుకోనక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు నిబంధనలైన ఫండమెంటల్ రూల్స్‌లో అనుబంధం 7 చూడండి. సివిల్ గానీ క్రిమినల్ గానీ, తన స్వప్రయోజనం ఇమిడి లేని కేసులో సాక్ష్యం చెప్పడానికి కోర్టు పిలిస్తే ఉద్యోగికి స్పెషల్ క్యాజువల్ లీవ్ ఇవ్వవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే. ఏడాదికి వచ్చే 15 సీఎల్స్‌లోంచి ఇది తగ్గదు, జీతం పూర్తిగా వస్తుంది. ఇన్ని రోజులే అని పరిమితి పెట్టలేదు, గైర్హాజరు ఎంతకాలం తప్పనిసరో అంతకాలానికీ సరిపడా ఇవ్వాలని ఉంది. అంటే కోర్టు దూరమై ముందురోజు సాయంత్రం బడి అయ్యాక బయల్దేరినా ఉదయం పదిన్నరకు చేరలేరనుకోండి, ఆ ప్రయాణపు రోజు కూడా అందులోకే వస్తుంది. దరఖాస్తులో ఆ కారణం రాయాలి, రాయకపోతే ఒక్క రోజే ఇస్తారు. (ఆ నిబంధనలో జ్యూరర్, అసెసర్ అనే మాటలు ఇంకా కనిపిస్తాయి, కంగారుపడకండి. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో మన క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ పోయింది. సాక్షుల సంగతి మాత్రం నిలిచే ఉంది.)

హెచ్‌ఎం గారు వెళ్లేది రిజిస్టర్ సంరక్షకుడిగా, విధి నిర్వహణలో తెలిసిన విషయం చెప్పడానికి. అది డ్యూటీయే. సెలవు దరఖాస్తు అవసరం లేదు, పై అధికారికి తెలిపి, సమన్ల నకలు జతచేసి, ఓడీగా నమోదు చేయించుకుంటే సరిపోతుంది. టూర్‌కు వెళ్లినట్టే టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు పెట్టుకోవచ్చు, దానికి కోర్టు ఇచ్చే హాజరు సర్టిఫికెట్ జత కావాలి.

బత్తా విషయానికొస్తే, మీకు ప్రభుత్వం టీఏ ఇవ్వదు కాబట్టి కోర్టు ఇచ్చే ప్రయాణ ఖర్చు, బత్తా మీరు తీసుకోవచ్చు. హెచ్‌ఎం గారు టీఏ పెట్టుకుంటారు కాబట్టి కోర్టు డబ్బు ఉంచుకోకూడదు, తీసుకుంటే ప్రభుత్వ ఖాతాకు జమ చేయాలి. రెండుచోట్లా తీసుకున్నవాళ్లకు ఆడిట్‌లో రికవరీ పడుతుంది. అందుకే కోర్టు సర్టిఫికెట్‌లో “బత్తా చెల్లించలేదు” అనో, ఎంత చెల్లించారో ఆ అంకె అనో రాయించుకోవడం మంచిది.

ఒక్క జాగ్రత్త. పోక్సో కేసు కాగితాల్లో అమ్మాయి పేరు, తరగతి రాయొద్దు. కేసు నంబరు, కోర్టు పేరు, తేదీ చాలు. ఓడీ కాగితం ఎంతమంది టేబుళ్ల మీదికి వెళ్తుందో మనందరికీ తెలిసిందే.

నల్లకోటు_జిల్లాకోర్టు:

పైన చెప్పిన నిబంధన సరైనదే. అయితే అది చేతికి అందేదీ అందనిదీ తేలేది కోర్టు హాల్లోనే. కోర్టు వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

ముందు మీకు వచ్చింది సమన్లేనా చూసుకోండి. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 179 కింద పోలీసులు ఇచ్చేది స్టేషన్‌కు రమ్మనే నోటీసు, కోర్టు సమన్లు కాదు. స్పెషల్ సీఎల్ నిబంధన కోర్టు గురించే మాట్లాడుతుంది, స్టేషన్‌కు వెళ్లడానికి దాన్ని అడిగితే తిరగ్గొడతారు. ఆ నోటీసు మీద స్త్రీలను, 60 దాటినవారిని, 15 ఏళ్లలోపు మగపిల్లలను వాళ్లుండే చోటు వదిలి రమ్మనకూడదు. కాబట్టి టీచరమ్మలు సెలవు పెట్టి స్టేషన్‌కు పరిగెత్తక్కర్లేదు, ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోమని అడగొచ్చు.

సమన్లే అయితే కేసు నంబరు, కోర్టు పేరు, తేదీ చూసి ఈకోర్ట్స్ యాప్‌లో కేసు వెతకండి. ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున బయల్దేరే ముందు ఇంకోసారి చూసుకోండి. జడ్జి గారు సెలవులో ఉంటే కోర్టు కానిస్టేబుల్‌కు ముందే తెలుస్తుంది. కానీ ఆయన ఫోన్లో “రావద్దులెండి” అన్నంత మాత్రాన ఆగిపోకండి, రికార్డులో మీరు గైర్హాజరుగానే ఉంటారు. కారణం లేకుండా రాని సాక్షికి బీఎన్‌ఎస్‌ఎస్ 389 కింద 500 రూపాయల దాకా జరిమానా ఉంది. అంతకంటే ఇబ్బంది వారెంటు. వారెంటు వచ్చాక “మా ఆఫీసర్ సెలవు ఇవ్వలేదండీ” అంటే కోర్టు వినదు. ప్రభుత్వ ఉద్యోగికి సమన్లను ఆఫీసు అధిపతి ద్వారానే పంపే పద్ధతి చట్టంలోనే ఉంది (బీఎన్‌ఎస్‌ఎస్ 68). ఆయన వాటిని ఉద్యోగికి అందజేసి, సంతకంతో కోర్టుకు తిప్పి పంపాలి. అందజేసిన తర్వాత పంపను అనే అధికారం ఆయనకు లేదు.

ఇక హాజరు సర్టిఫికెట్. అందరూ తప్పు చేసేది ఇక్కడే. సాక్ష్యం అయిపోగానే బస్సుకు టైమైందని వచ్చేస్తారు, వారం తర్వాత డీడీఓ (జీతాల బిల్లులు చేసే అధికారి) అడిగితే మళ్లీ కోర్టుకు పోయి కాపీ అప్లికేషన్ వేసుకుంటారు. అదే రోజు, బెంచి క్లర్కు ఫైలు లోపల పెట్టకముందే అడగండి. కేసు నంబరు, మీ పేరు, హోదా, హాజరైన తేదీ, సాక్ష్యం నమోదైందా లేదా, బత్తా ఎంత, కోర్టు ముద్ర, ఇవన్నీ ఉండాలి. తెల్లకాగితం మీద ముందే రాసుకుని వెళ్తే వాళ్లకు పని తేలిక, మీకు త్వరగా దొరుకుతుంది.

వాయిదా పడినా మీరు హాజరైనట్టే. ఆ రోజుకూ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆ రోజుకూ స్పెషల్ సీఎల్ వస్తుంది. చిక్కెక్కడంటే, చాలాసార్లు కొత్త సమన్లు పంపరు. వచ్చే తేదీకి రావాలని చెప్పి అక్కడే సంతకం తీసుకుంటారు. రెండోసారి వెళ్లడానికి మీ దగ్గర కాగితం ఉండదు, ఆఫీసులో “సమన్లు ఏవీ?” అంటారు. అందుకే మొదటి సర్టిఫికెట్‌లోనే “తదుపరి వాయిదా ఫలానా తేదీ” అని రాయించండి. సాక్షి వచ్చి కూర్చున్నాక ప్రత్యేక కారణం రాయకుండా వాయిదా వేయకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ 346 చెబుతుంది. దూరం నుంచి వచ్చారని పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారికి పొద్దున్నే చెప్పండి, ముందు పిలిపించే ప్రయత్నం చేస్తారు.

హెచ్‌ఎం గారికి: జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94లో వయసు రుజువుకు స్కూలు పుట్టినతేదీ సర్టిఫికెట్, మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్ మొదటి వరుసలో ఉన్నాయి. అందుకే ఈ సమన్లు స్కూళ్లకు ఇంత తరచుగా వస్తాయి. అసలు రిజిస్టర్‌తో పాటు ఆ పేజీకి అటెస్టెడ్ నకలు పట్టుకెళ్లాలి. అసలుతో పోల్చి చూసి నకలును ఎగ్జిబిట్‌గా గుర్తించి, రిజిస్టర్ తిరిగి ఇమ్మని కోర్టును అడగాలి. నకలు లేకపోతే రిజిస్టరే అక్కడ ఉండిపోతుంది, ఆపై ఎవరికి టీసీ కావాలన్నా మీకు తిప్పలే. ఆ ఎంట్రీ రాసింది ఇరవై ఏళ్ల కిందటి హెచ్‌ఎం అయినా పరవాలేదు. “నేను రాయలేదు, రికార్డు ప్రకారం చెబుతున్నాను” అని ఉన్నదున్నట్టు చెప్పాలి. దిద్దుబాటు ఉంటే, కౌంటర్ సంతకం లేకపోతే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు అడిగేది దాని గురించే. వెళ్లేముందు ఆ పేజీ ఒకసారి చదువుకోండి.

గణితం_ఎస్ఏ:

ఇద్దరికీ ధన్యవాదాలు సార్. ఇంకొక్కటి. నా తేదీ టెన్త్ పరీక్షల ఇన్విజిలేషన్ రోజున పడింది. హాజరు యాప్‌లో స్పెషల్ సీఎల్ అనే ఆప్షన్ కూడా కనబడలేదు.

సర్వీస్_రూల్స్_సూపరింటెండెంట్:

పరీక్ష డ్యూటీ ఉత్తర్వు ఉందని కోర్టు సమన్లు వాటంతటవే ఆగవు. ఉత్తర్వు నకలు జతచేసి, వేరే తేదీ ఇమ్మని పీపీ ద్వారా కోర్టుకు ముందే విన్నపం పెట్టండి. అదే రోజు పరీక్షా కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్‌కూ సమన్ల నకలు ఇవ్వండి, బదులు మనిషిని చూసుకుంటారు. కోర్టు తేదీ మార్చకపోతే కోర్టుకే వెళ్లాలి.

యాప్‌లో ఆ రకం లేదని సీఎల్ నొక్కేయకండి. ఒకసారి ఖాతాలో తగ్గాక సరిచేయించడం పెద్ద పని. వెళ్లేముందే కాగితం మీద దరఖాస్తు, సమన్ల నకలు, హెడ్‌క్వార్టర్ విడిచే అనుమతి కలిపి సీఎల్ మంజూరు చేసే అధికారికి ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి. వచ్చాక సర్టిఫికెట్ ఇచ్చి ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) తీసుకుంటే, యాప్‌లో సవరణ అడగడానికి అదే ఆధారం. సీఎల్ రిజిస్టర్‌లో కేసు నంబరుతో విడిగా నమోదు చేయించండి.

గచ్చిబౌలి_టెస్టింగ్:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది ప్రైవేటు కంపెనీ. మా బాబాయి రాసిన వీలునామా మీద సాక్షి సంతకం నాది, సివిల్ కోర్టు పిలిచింది. మాకూ ఇలాంటి సెలవు ఉందా?

నల్లకోటు_జిల్లాకోర్టు:

ప్రైవేటు ఉద్యోగికి కోర్టు సాక్ష్యం కోసమని విడిగా జీతంతో కూడిన సెలవు చట్టంలో లేదమ్మా. మీ కంపెనీ లీవ్ పాలసీలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే మీ సెలవుల్లోంచే. హెచ్‌ఆర్‌కు సమన్ల నకలు మెయిల్ చేసి రాతపూర్వకంగా అడగండి, పాలసీలో లేకపోయినా మేనేజర్ విచక్షణతో ఇచ్చే చోట్లున్నాయి.

సివిల్ కేసులో మిమ్మల్ని పిలిపించిన పార్టీయే మీ రానుపోను ఖర్చులు, ఒక రోజు బత్తా ముందే కోర్టులో కట్టాలి (సివిల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీపీసీ, ఆర్డర్ 16). సమన్లతో పాటు ఆ డబ్బు అందిందో లేదో చూసుకోండి, ఒక రోజుతో తెమలకపోతే తర్వాతి రోజులకూ అడగొచ్చు. ఊరు దూరమైతే వీడియో కాన్ఫరెన్స్ ద్వారా సాక్ష్యం తీసుకోమని, పిలిపించిన పక్షం లాయరు చేత పిటిషన్ వేయించండి. అయితే వీలునామా మీద సంతకాన్ని చూపించి గుర్తించమంటారు కాబట్టి, అసలు పత్రం కోర్టులో ఉన్నప్పుడు నేరుగా వెళ్లడమే మేలు.

సర్వీస్_రూల్స్_సూపరింటెండెంట్:

ఈ వీలునామా ప్రశ్న ప్రభుత్వ ఉద్యోగులకూ పనికొస్తుంది. కేవలం సాక్షి సంతకం పెట్టినవాళ్లకు ఆస్తిలో వాటా లేకపోతే స్పెషల్ సీఎల్ అడగొచ్చు. వాటా ఉంటే, మీరే వాది అయితే, ముద్దాయి అయితే, మీ సొంత ప్రమాదానికి పరిహారం కేసు అయితే, ప్రమోషన్ గురించి హైకోర్టులో మీరు వేసిన రిట్ అయితే, అది స్వప్రయోజనమే. వాటికి సీఎల్ గానీ ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) గానీ పెట్టుకోవాల్సిందే. శాఖాపరమైన విచారణలో ప్రభుత్వం తరఫున సాక్షిగా పిలిస్తే మాత్రం ఓడీ, దానికి విచారణాధికారి ఇచ్చే హాజరు సర్టిఫికెట్ సరిపోతుంది.