సీసీ రోడ్డు, వరద కాలువ పనులు ఒకేసారి మంజూరయ్యాయి: పని మొదలు కాకముందే ఏం అడగాలి?

కాలనీ సంఘం కార్యదర్శి

అందరికీ నమస్కారం. మాది తెలంగాణలోని ఒక పురపాలక పట్టణం. సుమారు నాలుగు హెక్టార్ల, అంటే దాదాపు పదెకరాల విస్తీర్ణంలో ఉన్న మా కాలనీలో పాత తారు రోడ్డు స్థానంలో సీసీ రోడ్డు, దాని పక్కనే 60 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల లోతు గల ఆర్‌సీసీ వరద కాలువ మంజూరయ్యాయి. ఏళ్ల తరబడి పాత రోడ్డు మీదే కొత్త పొర వేస్తూ రావడం వల్ల మొదట్లో కట్టిన ఇళ్ల గడపలు ఇప్పుడు రోడ్డుకు దాదాపు ఒక అడుగు దిగువన ఉన్నాయి. అందువల్ల గట్టి వాన పడితే వీధి నీరంతా ఆ ఇళ్లలోకే చేరుతోంది. వాటిలో ఉండేవారు ఎక్కువ మంది వృద్ధులు. కాలువను కాలనీ చివరి కల్వర్టులో కలుపుతారట, అక్కడి నుంచి నీరు ఊరి చెరువుకు పోతుంది. వచ్చే వారం అధికారులతో సమావేశం ఉంది. రోడ్డు మళ్లీ ఎత్తు పెరగకుండా, కాలువ నిజంగా పనికొచ్చేలా మేము ఏ వివరాలు అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత మున్సిపల్ ఇంజనీరు

కార్యదర్శి గారూ, పని మొదలు కాకముందే అడుగుతున్నారు, చాలా మంచి పని చేశారు. కాంక్రీటు పోశాక లెవెల్ తప్పిందని తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

మొదట కల్వర్టు అడుగు లెవెల్ ఎంతో అడగండి. వరద కాలువను నీరు బయటకు పోయే చోటి నుంచి మొదలుపెట్టి, వాలు లెక్క కట్టుకుంటూ పైకి రావాలి. కాలువ లెవెళ్లు తేలాక రోడ్డు అంచు లెవెల్, ఆ తరువాతే రోడ్డు మధ్య లెవెల్ నిర్ణయించాలి. చాలా చోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది: ముందు రోడ్డు మందం ఖరారవుతుంది, మిగిలిన చోటులో కాలువను ఇరికిస్తారు. కాబట్టి శాశ్వతంగా కదలని ఒక గుర్తును బెంచ్‌మార్కుగా తీసుకుని, ప్రతి 10 లేదా 15 మీటర్లకు కాలువ అడుగు, రోడ్డు, ఇళ్ల గడపల లెవెళ్లు మూడింటినీ ఒకే పొడవు కోత పటంలో, అంటే వీధిని పొడవునా నిలువుగా కోసినట్టు ఎత్తుపల్లాలు చూపే పటంలో, చూపమని అడగండి. గడప లెవెళ్లు లేని పటాన్ని అంగీకరించకండి.

ఇక పరిమాణం. గంటకు 60 మిల్లీమీటర్ల తీవ్రతతో వాన పడి, అందులో 80 శాతం నేలలో ఇంకకుండా పారుతుందనుకుంటే, మీ నాలుగు హెక్టార్ల నుంచి సెకనుకు సుమారు 0.53 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. మీరు చెప్పిన కాలువ 300 మీటర్లకు ఒక మీటరు వాలుతో నిండుగా పారితే సుమారు 0.62 ఘనపు మీటర్లు మోయగలదు, అంటే ఫర్వాలేదు. అదే కాలువకు 1200 మీటర్లకు ఒక మీటరు వాలే దొరికితే సామర్థ్యం సరిగ్గా సగానికి పడిపోతుంది, అప్పుడు నీరు రోడ్డెక్కక తప్పదు. కొలతలు ఒకటే అయినా ఫలితం ఇంత మారుతుంది కనుక, వెడల్పు, లోతు మాత్రమే చెప్పి వాలు చెప్పకపోతే ఆ కాలువ గురించి మీకు ఏమీ చెప్పనట్టే. పై కాలనీల నీరు కూడా మీ వీధి గుండానే వస్తుంటే ఆ విస్తీర్ణాన్ని కలిపి లెక్క మళ్లీ వేయాలి.

రోడ్డు విషయంలో, పాత పొరలన్నీ తవ్వి తీశాకే కొత్తది వేస్తామని అంచనాలో రాసి ఉందో లేదో చూడండి. కాంక్రీటు 20 సెంటీమీటర్లు, దాని కింద కంకర పొర 15 సెంటీమీటర్లు అనుకుంటే, ఇప్పుడున్న ఎత్తును నిలబెట్టుకోవడానికే 35 సెంటీమీటర్లు తవ్వాలి. మరో అడుగు దించాలంటే దాదాపు 65 సెంటీమీటర్లు అవుతుంది. ఆ లోతులో ఇళ్ల నల్లా పైపులు తగులుతాయి, మ్యాన్‌హోళ్ల మెడలు కోయాల్సి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది. పూర్తిగా ఒక అడుగు దించడం సాధ్యం కాకపోవచ్చు గానీ, పైపులకు ఇబ్బంది లేనంత మేరకైనా దించి, రోడ్డు వాలు పల్లపు ఇళ్ల వైపు కాకుండా కాలువ వైపు 2 శాతం ఉండేలా పట్టుబట్టండి. ఏ పక్క ఇళ్లు పల్లంగా ఉన్నాయో కాలువ ఆ పక్కనే ఉండాలి.

సైట్ ఇంజనీరు

పెద్దలు చెప్పిన లెవెళ్లు పటంలో సరిగా ఉన్నా, పనిలో రెండు మూడు చోట్ల చెడిపోవడం నేను చూశాను. కాలువ గోడను రోడ్డు కంటే ఎత్తుగా పోసి, రోడ్డు మీది నీరు లోపలికి దిగే దారులు వదలడం మరిచిపోతారు. అప్పుడు కాలువ ఖాళీగా ఉంటుంది, రోడ్డు మీద మాత్రం మోకాలి లోతు నీరు. 20, 30 మీటర్లకు ఒకటి చొప్పున, వీధి అతి పల్లంగా ఉన్న చోట రెండు మూడు పక్కపక్కనే, జాలీతో కూడిన నీటి దారులు, వాటి కింద పూడిక నిలిచే గుంటలు పటంలో ఉండాలి. మూతలు చేతితో ఎత్తి శుభ్రం చేయగలిగేవి కావాలి. మొత్తం స్లాబు వేసి మూసేస్తే రెండు వానాకాలాల్లో పూడిక నిండుతుంది.

నల్లా పైపు, కేబుళ్లు కాలువను అడ్డంగా కోసుకుని పోతే చెత్త అక్కడే చిక్కుకుంటుంది. వాటిని కాలువ అడుగు కింద నుంచి మళ్లించే ఖర్చు అంచనాలో చేర్చమనండి. అలాగే మరుగుదొడ్ల నీటిని వరద కాలువలో కలపకుండా సంఘం తరఫున మీరే చూసుకోవాలి. ఈ ఒక్క విషయంలో అధికారుల కంటే కాలనీవాసులదే ఎక్కువ బాధ్యత.

కాలువ పూర్తయ్యాకే రోడ్డు వేయాలి. కాంక్రీటు పోసిన తరువాత కనీసం 14 రోజులు మడి కట్టి నీరు నిలపాలి. 4 నుంచి 4.5 మీటర్లకు ఒకటి చొప్పున రోడ్డుకు అడ్డంగా కాంక్రీటులో కోసే గాట్లు, కాంక్రీటు పోసిన మరునాటికల్లా పూర్తి కావాలి, ఆలస్యమైతే పగుళ్లు వాటంతట అవే వస్తాయి.

పట్టణ ప్రణాళిక విద్యార్థిని

ఒక చిన్న అభ్యంతరం చెబుతాను. పై లెక్కంతా కల్వర్టు దాకా వచ్చి ఆగింది, కానీ అసలు చిక్కు ఆ తరువాతే ఉండవచ్చు. హైదరాబాద్‌లో 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగాక, నాలాలను విస్తరించాలని 2003లోనే సలహా సంస్థ నివేదిక ఇచ్చింది. 2020 అక్టోబరులో మళ్లీ కాలనీలు మునిగాయి. ఆ వానలకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు నీట చిక్కుకున్నాయి. నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమం 2021లో గానీ మొదలు కాలేదు. వీధి కాలువ ఎంత చక్కగా కట్టినా, దిగువ నాలా ఇరుకైతే నీరు వెనక్కి తంతుంది.

మీ విషయంలో చెరువు పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్, ఎంతో నీటిపారుదల శాఖ నుంచి తెలుసుకోండి. అది మీ కల్వర్టు అడుగు కంటే ఎత్తులో ఉంటే, చెరువు నిండిన రోజున మీ కాలువ వాన పడకముందే నిండి ఉంటుంది. అప్పుడు కాలువను అలుగు దిగువన వాగులో కలిపే దారి వెతకాలి, లేదా నీరు వెనక్కి రాకుండా ఆపే తలుపు పెట్టాలి.

కాలనీ సంఘం కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. చెరువు మట్టం గురించి మాలో ఎవరికీ తట్టలేదు, రేపే దరఖాస్తు పెడతాము. గడపల లెవెళ్లు మేమే ఒక సర్వేయరుతో తీయిస్తున్నాము. ఒకవేళ అంచనా, పటాలు చూపడానికి నిరాకరిస్తే మాకు ఏ హక్కు ఉంది?

విశ్రాంత మున్సిపల్ ఇంజనీరు

సమాచార హక్కు చట్టం, 2005 కింద అంచనా ప్రతిని, కొలతల పుస్తకం (చేసిన పనిని కొలిచి రాసే పుస్తకం) నకలును కోరవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అదే చట్టంలోని సెక్షన్ 2(జె) ప్రకారం జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా పౌరులకు ఉన్నాయి. అయితే గుత్తేదారుకు పని అప్పగించే లోపే లెవెళ్లు సరిదిద్దించుకోవాలి కాబట్టి, సమావేశంలోనే పొడవు కోత పటం అడిగి, ఇవ్వకపోతే అదే రోజు దరఖాస్తు దాఖలు చేయండి. సర్వేయరుతో మాత్రం ఒక మాట చెప్పండి: మీ గడపల లెవెళ్లు, వారి పటం ఒకే బెంచ్‌మార్కు నుంచి ఉండాలి, లేకపోతే రెండింటినీ పోల్చడం కుదరదు.