గ్రామ సచివాలయం ఉద్యోగులు సర్పంచ్ కింద ఉండాలా, మండలం కిందే ఉండాలా?

కొండాపురం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా పంచాయతీలో మొన్న జరిగింది చూశాక ఇది అడగాలనిపించింది. పడమటి బజారులో పది రోజులుగా వీధిలైట్లు లేవు. జనం పోయి సర్పంచ్ ఇంటి ముందు కూర్చున్నారు. ఆయన సచివాలయంలో కరెంటు చూసే అబ్బాయికి ఫోన్ చేస్తే "మా ఏఈ గారు పక్క ఊరి పని మీద పంపారండీ" అన్నాడు. ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని అడిగితే అది తన పని కాదన్నాడు. మనం ఓట్లేసి గెలిపించిన మనిషికి ఒక బల్బు మార్పించే దిక్కు లేదు.

2019 అక్టోబరు 2న మన ఆంధ్రప్రదేశ్‌లో ఈ గ్రామ సచివాలయాలు వచ్చాయి. సర్వేయరు, వెల్ఫేర్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్, ఏఎన్ఎం, ఇలా పదిమంది దాకా ఉంటారు. ఎవరి శాఖ వాళ్లది, ఎవరి పై అధికారి వాళ్లకి. 2021లో జీవో 2 తెచ్చి సచివాలయం అజమాయిషీ రెవెన్యూ శాఖ వీఆర్వో చేతికివ్వబోతే హైకోర్టు ఆపింది. రాజ్యాంగం 73వ సవరణలో పంచాయతీలకని 29 అంశాలు రాసుకున్నాం, వాటిల్లో సర్పంచ్ చేతిలో ఉన్నవెన్ని? కేంద్రం పంచాయతీలకిచ్చిన 15వ ఆర్థిక సంఘం డబ్బులు కూడా పాత కరెంటు బకాయిలకు సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు కదా. కనీసం హాజరు, సెలవు సర్పంచ్ దగ్గర ఉంటే ఉద్యోగి ఊరికి జవాబు చెప్తాడు. ఇదీ నా వాదన.

సచివాలయం అక్క:
తమ్ముడూ, నేను ఆ ఉద్యోగుల్లో ఒకదాన్నే. ఏ మండలమో చెప్పను. పింఛను లిస్టులో అనర్హుల పేర్లు గుర్తించమని పైనుంచి ఆర్డరు వస్తే, ఆ పేర్లలో సగం సర్పంచ్ చుట్టాలవే అయితే నేనేం చేయాలి? నా సెలవు చీటీ ఆయన సంతకం మీద ఆధారపడితే ఆ లిస్టు నేను రాయగలనా? పొలం హద్దు కొలిచే సర్వేయరు పరిస్థితి ఇంకా ఘోరం.

ఇంకో మాట. మన రాష్ట్రంలో పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్లవి. చాలా ఊళ్లలో సంతకం ఆవిడది, పెత్తనం ఆమె భర్తది. నేను ఎవరి కింద పనిచేయాలి, గెలిచిన ఆవిడ కిందా, గెలవని ఆయన కిందా? మండలం కింద ఉండబట్టే ఈ మాత్రం నిలబడగలుగుతున్నాం.

కొండాపురం కుర్రోడు:
అక్కా, మీ బాధ అర్థమైంది. అలాగని మండలం వాళ్లు మాకు జవాబుదారీ కారు కదా. ఎంపీడీవో గారిని మేము ఓడించలేం. సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే అది తిరిగి తిరిగి అదే ఉద్యోగి టేబుల్ మీదకే వస్తుంది, "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. మా బజారు మాత్రం చీకట్లోనే ఉంటుంది.

పామూరు రోడ్డు రైతు:
మీరిద్దరూ కుర్చీ గురించే మాట్లాడుతున్నారు. లెక్క సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకే నేను దిగాల్సొచ్చింది.

మాది కనిగిరి పక్క పల్లె. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తాగితే పళ్లు గారపడతాయి, ముసలితనం రాకముందే కీళ్లు బిగుసుకుపోతాయి. ఎండాకాలం ట్యాంకర్ వస్తేనే బిందె నిండేది. మా వదిన ఇల్లు ట్యాంకర్ ఆగే మలుపులోనే. ఆమెకి చదువు రాదు. ఒక ఏడాది నీళ్లు సరిగ్గా రావట్లేదని, ట్యాంకర్ వచ్చినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయడం మొదలుపెట్టింది, పాలలెక్క రాసినట్టు. నాలుగు గీతలైతే అడ్డంగా ఒకటి. మే ఒక్క నెలవి లెక్కపెడితే 41 గీతలున్నాయి.

నేను మండలం ఆఫీసులో 5 రూపాయలు కట్టి, సమాచార హక్కు కింద ట్రిప్పుల రిజిస్టరు నకలు అడిగాను. చేతికొచ్చిన కాగితంలో అదే నెలకి 93. రోజుకి మూడు లెక్కన 31 రోజులు, ఒక్క రోజూ తప్పలేదు. నీళ్లు ముట్టినట్టు సంతకాలు పెట్టినవాళ్లలో మా వదిన కూడా ఉంది. గుండ్రంగా, అందంగా చేసిన సంతకం. ఆమెకి వేలిముద్ర తప్ప రాదు.

గ్రామసభలో ఆ కాగితం పట్టుకుని లేచాను. కార్యదర్శి "బిల్లు పాసైంది మండలంలో, నాకు సంబంధం లేదు" అన్నాడు. మండలం నుంచి వచ్చినాయన "ఊళ్లోవాళ్లు సంతకం పెట్టారు కాబట్టే పాస్ చేశాం" అన్నాడు. సర్పంచ్ "నా చెక్‌పవర్‌తో పోయిన డబ్బు కాదది" అన్నాడు. ముగ్గురూ చెప్పింది నిజమే. ఇప్పుడు చెప్పు అబ్బాయ్, ఉద్యోగిని సర్పంచ్ కిందకి తెస్తే ఆ కాగితం మీద ఇంకో సంతకం పెరగడం తప్ప ఏం జరిగేది?

మేము పట్టుబట్టింది వేరే. రిజిస్టరు మా వదిన ఇంట్లో ఉండాలి, నీళ్లు దిగాకే వేలిముద్ర పడాలి, నెలాఖరున రచ్చబండ దగ్గర పైకి చదవాలి. తర్వాతి వేసవిలో గీతలకీ రిజిస్టరుకీ తేడా రాలేదు. ముందు ఏడాది తిన్న సొమ్ము మాత్రం వసూలు కాలేదు. అది నాకింకా కడుపుమంటే.

ఉపాధి హామీలో ఈ పద్ధతి ఎప్పుడో ఉంది. 2005 చట్టం 17వ సెక్షన్ గ్రామసభకే తనిఖీ అధికారం ఇచ్చింది. సామాజిక తనిఖీ వాళ్లు మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు, "ఈ ఆరు రోజులు పనికి పోయావా, ఈ డబ్బు నీకు ముట్టిందా" అని మనిషి మొహం చూసి అడుగుతారు, ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ ఆ తప్పులు తేలుస్తారు. పంచాయతీ సొమ్ము ప్రతి రూపాయికీ అదే కావాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. సంతోషం. మా ఊళ్లో ఆ రోజు చేయబోయే పనుల జాబితా చదివారు. చేసిన ఖర్చు చదవలేదు.

సచివాలయం అక్క:
అన్నా, లెక్క చదవాలంటే నాకేం అభ్యంతరం లేదు. చదివాక నాకు రక్షణ ఏది? ప్రజావేదికల్లో రికవరీ రాసేది ఎక్కువగా ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ల మీదే, బిల్లు పాస్ చేసిన పెద్దవాళ్ల మీద పడటం నేను చూడలేదు. అయినా గ్రామసభకి వచ్చేదెవరు? మా ఊళ్లో నలభై మంది వస్తే గొప్ప.

కావలి మాస్టారు:
అమ్మా, రిటైరైన టీచర్ని, అక్షరాస్యత ఉద్యమంలో పనిచేసినవాణ్ణి. జనం రారన్న మాట ఒప్పుకోలేను. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో చదువుకుంటూ సారా లెక్క వేసుకున్నారు, కూలి డబ్బులో ఎంత పోతోందని. ఆ లెక్కే 1992లో సారా వేలంపాటలని అడ్డుకునేదాకా పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం. ఆ ఊపులోనే జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. వాళ్లని ఎవరూ ఆటో పెట్టి తీసుకురాలేదు. లెక్క తమ ఇంటిదైనప్పుడు జనం వస్తారు. లబ్ధిదారుల జాబితా చదివే రోజు మీ సభకి ఎంతమంది వస్తారో మీకే తెలుసు.

రికవరీ సంగతి మీరన్నది నిజం. బిల్లు మీద సంతకం పెట్టిన ప్రతి ఒక్కరి పేరూ పైకి చదవాలి, ఏఈ దాకా, ఎంపీడీవో దాకా.

కొండాపురం కుర్రోడు:
రైతన్నా, నా వాదన పూర్తిగా వదులుకోను. లైటు వేయించే పనికి సర్పంచ్‌కి అధికారం ఉండాల్సిందే. కానీ ముందు లెక్క అడగాలన్నది ఒప్పుకుంటున్నా. ఇప్పుడే పంచాయతీల ఖర్చులు పెట్టే ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్‌లో మా పంచాయతీ పేరు కొట్టి చూశా. వీధిలైట్ల కొనుగోలుకి రెండు ఓచర్లు ఉన్నాయి! ఎన్ని బల్బులు, యాడ వేశారు అన్నది మాత్రం లేదు. రేపు పంచాయతీలో సమాచార హక్కు అర్జీ పెడతా. ఫీజు ఎంతన్నా?

పామూరు రోడ్డు రైతు:
ఊరి స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, తెల్లకాగితం చాలు. 30 రోజుల్లో ఇవ్వాలి. రెండు కాపీలు రాసి ఒకదాని మీద ముద్ర వేయించుకో. ఓచర్లతో పాటు స్టాకు రిజిస్టరు నకలూ, పని చేయించి ఉంటే కొలతలు రాసే ఎం-బుక్ నకలూ అడుగు. కాగితం వచ్చాక ఒక్కడివే పోవద్దు. పడమటి బజారు ఆడవాళ్లని వెంటబెట్టుకుని స్తంభం స్తంభం దగ్గరా ఆగి లెక్కపెట్టండి.