లైబ్రరీలో "నాకు నచ్చే ఫాంటసీ నవల మీరే చెప్పండి" అని అడగొచ్చా?

మొలగొలుకులు (నెల్లూరు):
మా పాప 9వ తరగతి. మంత్రాలు, డ్రాగన్లు ఉన్న కథలంటే ప్రాణం. మొన్న ఇద్దరం మా దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్ళాం. "మాయలుండాలి, చివర్లో నీతి ఉండకూడదు, రాకుమారిని ఎవరో ఎత్తుకుపోవడం అసలే ఉండకూడదు" అని పాప లిస్టు చదివింది. అక్కడున్నాయన మూలనున్న బీరువా చూపించి "నవలలన్నీ అందులోనే తల్లీ, చూసుకో" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, ఉన్నది ఆయనొక్కరే. కానీ అమెరికాలో సియాటిల్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ళు 'మీ తర్వాతి ఐదు పుస్తకాలు' అని ఓ సర్వీసు నడిపారు. మనకేం నచ్చిందో, ఏం నచ్చలేదో రాసిస్తే సిబ్బంది చదివి ఐదు పుస్తకాల పేర్లు చెప్తారు. మనమూ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా. మనం అడిగితే తప్పేంటి?

ఒంగోలు గిత్త:
అడగండి, తప్పేం లేదు. చెప్పేదెవరు? మా ఊరి లైబ్రరీలో పొద్దున్నే గ్రూప్-2, డీఎస్సీ పిల్లలు కుర్చీలన్నీ పట్టేస్తారు. ఉన్న ఒక్క మనిషి పేపర్లకు కర్రలు బిగించాలి, రిజిస్టర్ రాయాలి, ఫ్యాన్ తిరక్కపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. పైగా ఐదు పేర్లు చెప్తే ఆ ఐదూ బీరువాలో ఉండొద్దా? లేని కూరకు రుచి చెప్పినట్టుంటుంది. ఫోన్‌లో ఏఐని అడిగితే నిమిషంలో చెప్తుంది.

పెన్నా గట్టు:
గిత్తన్నా, ఆ నిమిషం సంగతి నేను చూశాను. తెలుగు ఫాంటసీ నవలలు చెప్పమంటే ఐదు పేర్లిచ్చింది. రెండు అసలు పుట్టనే లేదు! రచయితల పేర్లతో సహా కల్పించింది. వాటికోసం ఒక ఆదివారమంతా పాత పుస్తకాల షాపులు తిరిగాను.
నేను కొన్నాళ్ళు ఓ చిన్న లైబ్రరీలో పనిచేశాను. చదివేవాళ్ళని "ఏం కావాలి" అంటే నీళ్ళు నములుతారు. "ఈమధ్య ఆపకుండా చదివిందేది? సగంలో పక్కన పడేసిందేది?" అని అడగాలి. ఆ రెండో ప్రశ్నలోనే అంతా ఉంటుంది. కథ పరిగెత్తాలా, నిదానంగా నడిచినా ఫర్వాలేదా? మాయకి లెక్క ఉండాలా, ఏదైనా జరిగిపోవచ్చా? పాప కోరింది డ్రాగన్ కాదనిపిస్తోంది. తన పని తనే చక్కబెట్టుకునే ఆడపిల్ల కావాలి. ఇంగ్లీషు చదవగలిగితే అర్సులా లెగ్విన్ 1971లో రాసిన 'ది టూంబ్స్ ఆఫ్ అట్యువాన్' ఇవ్వండి. చీకటి సొరంగాల మధ్య పెరిగే ఓ చిన్న పూజారిణి కథ.
తెలుగులోనంటే అందరం ముందు కాశీమజిలీ కథలే చెప్తాం. 12 భాగాలు. మణిసిద్ధుడు గోపబాలుడికి ఒక్కో మజిలీలో ఒక్కో కథ చెప్తూ కాశీకి నడుస్తాడు. నాకు ఇష్టం. కానీ పాప వద్దన్న ఎత్తుకుపోవడాలు అందులో కొల్లలు. ఈ ముక్క మనిషైతే ముందే చెప్తాడు.

చేపల పులుసు:
అందరూ సేవ అంటున్నారు, నాకు భయమేసేది వేరే. మా చిన్నప్పుడు నేనే నవల తీసుకెళ్ళానో సాయంత్రానికల్లా మా నాన్నకి తెలిసిపోయేది. లైబ్రరీలో పనిచేసేవాళ్ళూ మా నాన్నా ఒకే టీ కొట్టుకి వెళ్ళేవాళ్ళు మరి. మంత్రగత్తె కథ చదివినందుకు రెండు రోజులు మాటల్లేవు. ఇప్పుడు ఫారం పెట్టి పిల్లల ఇష్టాయిష్టాలన్నీ రాయిస్తే అది ఎవరి బల్ల మీద పడుంటుంది?

పెన్నా గట్టు:
అక్కా, ఇది నాకు తట్టలేదు. నిజమే. ఫారం మీద పేరొద్దు, ఒక నంబరు చాలు. పుస్తకం చెప్పాక ఆ కాయితం చింపెయ్యాలి.

ఒంగోలు గిత్త:
చూశారా, ఒక్కో షరతు పెరుగుతోంది. గ్రంథాలయ శాస్త్రం రాసిన రంగనాథన్ 1931లోనే ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలన్నాడు, ఒప్పుకుంటా. అందుకు ముందు పుస్తకాలు కొనాలి. నా మాట: సర్వీసు వద్దు, ఫారం వద్దు. బీరువా తాళం తీసి, ఫాంటసీ ఓ అర మీదకి చేర్చి, చదివినవాళ్ళు అట్ట లోపల చీటీ మీద రెండు లైన్లు రాసి పెడితే చాలు. జీతమూ అక్కర్లేదు, టీ కొట్టు టెన్షనూ లేదు.

చేపల పులుసు:
చీటీ ఐడియా బాగుంది గానీ, చేతిరాత గుర్తుపడతారు సామీ!

మొలగొలుకులు (నెల్లూరు):
నిన్న మళ్ళీ వెళ్ళాం. గట్టు గారి రెండు ప్రశ్నలకీ పాప జవాబులు కాయితం మీద రాసిస్తే ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చదివారు. లోపలికెళ్ళి ఐదు నిమిషాల తర్వాత ఓ లావుపాటి బైండు తెచ్చారు. ఎవరో పాత పిల్లల పత్రికలోంచి మాయల సీరియల్ కాయితాలు విప్పి, వరసగా కుట్టించి లైబ్రరీకి ఇచ్చారట. వెనక తేదీల చీటీ మీద చివరి ముద్ర 1998. "ఇందులో పిల్ల ఎవరికోసమూ ఎదురు చూడదు, చదువు" అన్నారు. ఆయన కూడా చదివారన్నమాట! ఏ కేటలాగులోనూ లేని బైండు అది. గిత్త గారి చీటీ అర ఉన్నా మాకు దొరికేది కాదు.
పాప రాత్రి పదకొండు దాకా పడుకోలేదు. ఒకటే చిక్కు. చివరి కాయితాలు ఊడిపోయాయి, సీరియల్ పేరున్న మొదటి పేజీ కూడా లేదు. ఒంటికన్ను కాపలావాడు, నీళ్ళు నిండుతున్న గుహ, గబ్బిలంతో మాట్లాడే పిల్ల. ఇది ఏ కథో ఎవరికైనా గుర్తుందా? ఆ గుహలోంచి ఎలా బయటపడిందో చెప్పకండి, పేరు చెప్తే చాలు.