అప్‌డేట్: అమ్మతో కొలనుపాక వెళ్లొచ్చాం

పోయిన నెల అడిగాను కదా, మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకుని సికింద్రాబాద్ నుంచి కొలనుపాక జైన మందిరానికి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా అని. వెళ్లొచ్చాం. మీరు చెప్పినట్టే రైల్లో ఆలేరులో దిగి, అక్కడి నుంచి ఆటో. ఆరు కిలోమీటర్ల దారే, ఊరికే టెన్షన్ పడ్డాను.

మహావీరుడి విగ్రహం దగ్గర అమ్మ కదల్లేదు. ఒకే పచ్చరాయితో చెక్కిందంటారు, నాలుగడుగుల పైనే ఉంటుంది. జైనుల మొదటి తీర్థంకరుడు ఆదినాథుడి విగ్రహం నల్లగా మెరుస్తుంది, ఆయన్ని అక్కడ మాణిక్యదేవుడంటారు. ఫొటోలు తీయనివ్వరు. తోలు బెల్టు, పర్సు బయటే వదలాలి. బెల్టు లేని ప్యాంటుతో నా అవస్థ చూసి అమ్మ ఒకటే నవ్వు!

భోజనశాల గురించి ఒకరు హెచ్చరించారు, వారికి ప్రత్యేకంగా థాంక్స్. జైనులు పొద్దుగూకాక తినరు కాబట్టి సాయంత్రం భోజనం వెలుగుండగానే అయిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ ఏవీ ఉండవు. ఆ పప్పు రుచి గురించి అమ్మ ఇప్పటికీ చెబుతోంది.

చేసిన పొరపాటల్లా ఆలస్యంగా బయల్దేరడమే. ఊళ్లోనే ఉన్న సోమేశ్వరాలయాన్ని హడావుడిగా చూశాం. కల్యాణి చాళుక్యుల నాటి శిల్పాలు, శాసనాలు అక్కడే ఉన్నాయి. నన్నడిగితే దానికే రెండు గంటలు కావాలి. ఈసారి పొద్దున్నే రైలెక్కుతాం.