బీట్స్‌ని ఆపిల్ కొనేసింది సరే, మన హెడ్‌ఫోన్, మన ప్లేలిస్టుల సంగతేంటి?

పాటలపిచ్చి:
మా అక్క కొన్నేళ్లు ఐఫోన్‌తో వాడిన బీట్స్ సోలో3 బ్లూటూత్ హెడ్‌ఫోన్ నాకు ఇచ్చేసింది. నాది ఆండ్రాయిడ్ ఫోన్. "బీట్స్‌ని ఆపిల్ కొనేసింది కదా, ఇక నీ ఫోన్‌తో పనిచేయదు" అని ఆఫీసులో ఒకాయన తేల్చేశాడు. నిజంగానే రెండు రోజులుగా బ్లూటూత్ జాబితాలో దాని పేరు రావడం లేదు. ఒకసారి వచ్చి, నేను నొక్కేలోపే మాయమైంది. అక్క పక్క గదిలో ఉందంటే చాలు, వెళ్లి ఆమె ఫోన్‌కే తగులుకుంటోంది.

ఇంకో సందేహం. నేను డబ్బు కట్టి వాడే చిన్న మ్యూజిక్ యాప్‌ని ఒక పెద్ద కంపెనీ కొంటోందని మెయిల్ వచ్చింది. "మీకు ఏమీ మారదు" అని రాశారు. ఆ ముక్క చదివాకే టెన్షన్ మొదలైంది. ఏడేళ్లుగా కూర్చుకున్న ప్లేలిస్టులు, మొత్తం 1,400 పాటలు. బీట్స్‌కి కూడా సొంత మ్యూజిక్ యాప్ ఉండేదట కదా, అది వాడినవాళ్లకు అప్పట్లో ఏమైంది?

సోల్డర్ మాస్టారు:
మీ ఆఫీసాయన మాట పట్టించుకోకండి. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది: అక్క ఫోన్ దాన్ని ఇంకా వదల్లేదు. ముందు అక్క ఐఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఆ హెడ్‌ఫోన్ పేరు పక్కనున్న గుర్తు నొక్కి, ఈ పరికరాన్ని మరచిపో అనే ఆప్షన్ ఎంచుకోమనండి. ఆ తర్వాత హెడ్‌ఫోన్ మీద పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి పది సెకన్లు నొక్కి పట్టుకోండి. కింద వరసగా ఉన్న చిన్న లైట్లు మెరిస్తే రీసెట్ అయినట్టు. ఇప్పుడు పవర్ బటన్ ఒక్కటే ఐదు సెకన్లు పట్టుకుంటే మీ ఫోన్‌కి కనపడుతుంది. ఆ కాసేపూ అక్క ఫోన్‌లో బ్లూటూత్ ఆపేసి ఉంచితే ఇంకా మంచిది.

ఇక ఆపిల్ సంగతి. సోలో3 2016లో వచ్చింది. అందులో ఆపిల్ వాళ్ల డబ్ల్యూ1 చిప్ ఉంటుంది. దగ్గర పెట్టగానే తెర మీద బొమ్మ రావడం, అదే ఖాతాలో ఉన్న ఐప్యాడ్‌కో మ్యాక్‌కో మళ్లీ జత చేయకుండానే మారిపోవడం, ఇవన్నీ దాని పనులే. ఆండ్రాయిడ్‌లో ఈ సోకులు ఉండవు. మిగతాదంతా మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోనే. ఆండ్రాయిడ్‌కి బీట్స్ యాప్ విడిగా ఉంది, అప్‌డేట్లు, బ్యాటరీ శాతం అందులో చూసుకోవచ్చు. బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతుల్ని కోడెక్‌లంటారు. ఇందులో ఏఏసీ, ఎస్‌బీసీ రెండే ఉన్నాయి కాబట్టి ఆప్టెక్స్ అనే ఇంకో కోడెక్ కోసం సెట్టింగుల్లో వెతికి టైమ్ పాడు చేసుకోకండి. ఛార్జింగ్‌కి పాత మైక్రో యూఎస్‌బీ కేబుల్ కావాలి, అక్క దగ్గర అదీ అడిగి తీసుకోండి.

పాత క్యాసెట్:
రెండో ప్రశ్నకు నేను చెప్తాను. బీట్స్ మ్యూజిక్ 2014 జనవరిలో అమెరికాలో మొదలైంది. నెలకు 9.99 డాలర్లు. అదే ఏడాది మే 28న ఆపిల్ కొనుగోలు ప్రకటించింది. మొత్తం 300 కోట్ల డాలర్లు: 260 కోట్లు కొనుగోలు ధర, మిగతా దాదాపు 40 కోట్లు కాలక్రమంలో అందే వాటాలు. ఆపిల్ అప్పటిదాకా అంత డబ్బు పెట్టి ఏ కంపెనీనీ కొనలేదు. 2015 జూన్ 30న ఆపిల్ మ్యూజిక్ వచ్చింది. నవంబర్ 30తో బీట్స్ మ్యూజిక్ మూసేశారు. పుట్టి రెండేళ్లు కూడా నిండలేదు.

వాడుకరుల్ని నడిరోడ్డు మీద వదిలేయలేదులెండి. సేవ్ చేసుకున్న పాటలు, ప్లేలిస్టులు ఆపిల్ మ్యూజిక్‌లోకి తెచ్చుకునే దారి పెట్టారు. కానీ యాప్ మాత్రం పోయింది. హెడ్‌ఫోన్ల మీద ఆ ఎర్ర "బి" ఈనాటికీ ఉంది. ఒకే కంపెనీకి రెండు రకాల హెడ్‌ఫోన్లున్నా ఎవరి గిరాకీ వాళ్లకుంటుంది. ఒకే పాటల్ని అద్దెకిచ్చే రెండు యాప్‌లు ఎందుకు? రెంటికీ హక్కుల ఒప్పందాలు, రెంటికీ సర్వర్లు.

ఇదొక్కటే కాదు. 2009 చివర్లో ఆపిల్ వాళ్లు లాలా అనే ఆన్‌లైన్ పాటల సర్వీసుని కొన్నారు, 2010 మే నెలాఖరుకి మూత. 2021 ఆగస్టులో శాస్త్రీయ సంగీతానికున్న ప్రైమ్‌ఫోనిక్‌ని కొన్నారు. సెప్టెంబర్ మొదటి వారంలోనే ఆపేశారు. దాని స్థానంలో ఆపిల్ మ్యూజిక్ క్లాసికల్ వచ్చింది 2023 మార్చిలో. మధ్యలో ఏడాదిన్నర!

వంద డెసిబెల్స్:
చిన్న అభ్యంతరం. ఆపిల్ కొన్నది హెడ్‌ఫోన్ల వ్యాపారం కోసం, యాప్ కొసరుగా వచ్చింది. అప్పటికి బాగా అమ్ముడుపోయేవి అవే కదా.

పాత క్యాసెట్:
డబ్బు తెచ్చింది హెడ్‌ఫోన్లే, కాదనను. కానీ అప్పటికి ఆపిల్ పాటల దుకాణం ఐట్యూన్స్‌లో పాట కొనుక్కునే అలవాటు తగ్గుతోంది, నెలవారీ చందాకి ఆపిల్ దగ్గర సరైన సరుకు లేదు. అప్పటి ఆపిల్ సీఈఓ టిమ్ కుక్ కూడా బీట్స్ మ్యూజిక్‌లో మనుషులే పాటలు ఏరి కూర్చే పద్ధతిని, బీట్స్ స్థాపకులు జిమ్మీ అయోవిన్, డాక్టర్ డ్రే ఇద్దర్నీ మెచ్చుకున్నాడు. వాళ్లిద్దరూ ఆపిల్‌లో చేరారు కూడా. నన్నడిగితే యాప్‌ని కాదు, దాన్ని తయారుచేసిన మనుషుల్ని కొన్నారు.

అయ్యో పాపం అనాల్సింది ఫోన్ల కంపెనీ హెచ్‌టీసీని చూసి. 2011లో సుమారు 30 కోట్ల డాలర్లు పెట్టి బీట్స్‌లో సగానికి పైగా వాటా కొని, 2013కల్లా మొత్తం వదిలేసుకుంది. ఏడాది తిరక్కముందే ఆ కంపెనీ ధర 300 కోట్లయింది.

నిద్రలేని చెవి:
చరిత్ర తర్వాత. పాటలపిచ్చి గారూ, ముందు మీ లిస్టు బయటికి తీయండి, ఈ రాత్రికే. నేను వాడే ఒక సర్వీసు ఇలాగే మూతపడింది. "మీ ప్లేలిస్టులు మేమే తరలిస్తాం" అన్నారు, తరలించారు కూడా. పాటల లెక్క చూస్తే సరిగ్గానే ఉంది. మా పాపని నిద్రపుచ్చే జోలపాట నొక్కితే వీణ, తబలా వస్తున్నాయి, గొంతు లేదు. కరోకే ట్రాక్! పాప లేచి కూర్చుంది. తర్వాత ఒక్కొక్కటీ విని చూస్తే కొన్ని చోట్ల కచేరీలో పాడినవి, కొన్ని చోట్ల వేరే గాయకుడివి దూరాయి.

కారణం ఇదీ. ఇటు నుంచి అటు పాట వెళ్లదు, పాట పేరే వెళ్తుంది. ప్రతి రికార్డింగుకీ ఐఎస్‌ఆర్‌సీ అని అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే గుర్తు ఉంటుంది. అది కలిస్తే అసలు పాటే దొరుకుతుంది. ఆల్బమ్ చేతులు మారి కొత్త గుర్తుతో మళ్లీ విడుదలైతే, పేరూ గాయకుడూ చూసి యాప్ ఊహించుకుంటుంది. మన పాటలకి ఇంగ్లిష్ స్పెల్లింగు తలో రకంగా రాస్తారు కాబట్టి ఆ ఊహ ఎక్కడికో పోతుంది.

అందుకని యాప్‌లో మీ ఖాతా, ప్రైవసీ భాగంలో "మీ డేటా డౌన్‌లోడ్" లాంటిది ఉందేమో చూడండి. లేకపోతే ప్లేలిస్టులు తరలించే సౌండీజ్, ట్యూన్‌మైమ్యూజిక్ లాంటి టూల్స్‌లో మీ యాప్ పేరుందేమో చూసి సీఎస్‌వీ ఫైలుగా, అంటే వరసకో పాట ఉండే పట్టికగా దించుకోండి. పని అయ్యాక వాటికిచ్చిన అనుమతి తీసేయండి, చాలామంది ఇది మర్చిపోతారు. ఏదీ కుదరకపోతే ప్లేలిస్టు నెమ్మదిగా జరుపుతూ స్క్రీన్ రికార్డ్ చేయండి. మోటు పద్ధతే, పనికొస్తుంది.

ఆఫ్‌లైన్‌కి దించుకున్న పాటలున్నాయి కదా అని ధీమాగా ఉండకండి, చందా ఆగితే అవి తెరుచుకోవు. విడిగా కొనుక్కున్న ఫైళ్లయితే వేరు. ఏడాది చందా రెన్యువల్ దగ్గర పడిందా? ఈసారికి నెలవారీకి మారండి.

పాటలపిచ్చి:
మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశా, మొదటిసారికే దొరికింది! ఇప్పుడు అక్క వచ్చినా కదలడం లేదు.

లిస్టు కూడా దించాను. కానీ యాప్‌లో 1,400 ఉంటే ఫైల్లో 1,372 వరసలే వచ్చాయి. మిగతా 28 ఏమైనట్టు?

నిద్రలేని చెవి:
యాప్‌లో ప్లేలిస్టు తెరిచి చూడండి, కొన్ని పేర్లు బూడిద రంగులో ఉంటాయి, నొక్కినా పలకవు. హక్కులు పోయిన పాటలు అవి. ఎక్స్‌పోర్టులో చాలాసార్లు రావు.

పాటలపిచ్చి:
సరిగ్గా 28 ఉన్నాయండీ. ఎప్పుడు పోయాయో కూడా గమనించలేదు. పేర్లయితే ఇంకా కనిపిస్తున్నాయి, నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. పదకొండోదాని దగ్గరున్నా.