బోర్డు హైస్కూలు గుర్తింపు జీవో ఏ శాఖ సూచికలో వెతకాలి?

కోస్తాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలు (అప్పట్లో స్థానిక బోర్డు నడిపిన ‘బోర్డు హైస్కూలు’) ఎప్పుడు మొదలైందో రుజువుతో తేల్చాలి. శిలాఫలకం మీద 1926 అని ఉంది కానీ అది బడి పెట్టిన ఏడాదో, భవనం కట్టిన ఏడాదో అందులో లేదు.

దొరికిన అడ్మిషన్ రిజిస్టర్లలో పాతది 1931 జూన్‌లో మొదలవుతోంది. మొదటి వరుస నంబరు 412. అంటే దీనికి ముందు కనీసం ఒక రిజిస్టరు పోయింది. ‘ఇంతకుముందు చదివిన బడి’ గడిలో చాలామందికి అదే ఊరి తాలూకా బోర్డు ఎలిమెంటరీ స్కూలు పేరుంది కాబట్టి ఆ రెండూ వేరువేరు బళ్లే. తనిఖీ అధికారుల రిమార్కుల పుస్తకాన్ని చెదలు తినేశాయి. తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యాయి, 1959 చట్టంతో జిల్లా పరిషత్‌లు వచ్చాయి. ఇలా చేతులు మారినప్పుడే పాత కాగితాలు ఎక్కువగా పోతాయి. జిల్లా పరిషత్‌లోనూ, విద్యాశాఖ జిల్లా కార్యాలయంలోనూ 1959కి ముందు ఫైలు ఒక్కటీ లేదు. పూర్వ విద్యార్థుల ఇళ్లలో దొరికిన ఎస్సెస్సెల్సీ (హైస్కూలు చదువు ముగింపు సర్టిఫికెట్) పుస్తకాలు కూడా 1938 దాటి వెనక్కి వెళ్లడం లేదు.

ఇక మిగిలింది చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ రికార్డుల భాండాగారం). మద్రాసు ప్రెసిడెన్సీ జీవోలు అక్కడే ఉన్నాయి. శాఖ, నంబరు, తేదీ తెలియకపోతే ఏటేటి సూచికలు తిరగేయాల్సిందే.

అక్కడ పనిచేసిన అనుభవమున్నవారు చెప్పండి: 1920–31 మధ్య బోర్డు హైస్కూలుకు గుర్తింపు ఇచ్చిన జీవోను విద్యాశాఖ సూచికలో వెతకాలా, స్థానిక సంస్థల శాఖ సూచికలోనా?